కరెంటు పోయి వచ్చిందంటే అర్ధరాత్రి బల్బులన్నీ వాటంతటవే వెలుగుతున్నాయి, ఏం చెయ్యాలి?

మిల్లు గుమాస్తా (మిర్యాలగూడ):

అన్నలకు, అక్కలకు నమస్కారం. సమస్య చిన్నదే గానీ ఇంట్లో నన్ను నిలబడనిస్తలేరు.

పోయిన దసరా ఆఫర్లలో నాలుగు వైఫై బల్బులు కొన్నాను. 9 వాట్లవి, మామూలు పిన్ హోల్డర్‌కే పట్టేవి. మూడు ఒక కంపెనీవి, నాలుగోది వేరే. పేర్లెందుకులెండి. ఒకటి హాల్లో, ఒకటి వెనక బెడ్‌రూంలో, ఒకటి వంటింట్లో, ఆ వేరేది ముందు వరండాలో. ఫోన్లో వేస్తాం, ఫోన్లోనే ఆపుతాం. గోడ మీది స్విచ్చులు ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి, అవి ఆపితే బల్బు ఫోన్‌కు దొరకదు.

మా చెల్లె పురిటికొచ్చి మా ఇంట్లోనే ఉంది. బుడ్డోడికి నలభై రోజులు. వాడు నిద్రపోవుడే గగనం. మొన్న ఆదివారం రాత్రి రెండు దాటాక కరెంటు పోయింది. పది నిమిషాలకు వచ్చింది. వచ్చుడు వచ్చుడే బెడ్‌రూం బల్బు తెల్లగా, నూటికి నూరు శాతం వెలుగుతో భగ్గుమంది. పడుకునే ముందు నేనే ఫోన్లో ఆపిన బల్బు అది. బుడ్డోడు లేచాడు, వాడితో పాటు ఇల్లంతా లేచింది.

మా నాయిన మంచంలోంచే అన్న మాట ఇది: "ఏందిరా, దీనికి గూడ ఆటో స్టార్టర్ పెట్టిచ్చినవా?"

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. కొండమల్లేపల్లి దిక్కు మాకు బత్తాయి తోట ఉండేది. బోరు నీళ్లే ఆధారం. కరెంటు రాత్రి ఏ గంటకొస్తదో తెలియని రోజుల్లో మోటరుకు ఆటో స్టార్టర్ పెట్టుకునేవాళ్లం. మనిషి బాయికాడ లేకున్నా కరెంటు రాంగనే మోటరు దానంతటదే నడిచేది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు మాత్రం ఆ ఆటో స్టార్టర్లు తీసెయ్యండి, పగలూ రాత్రీ మోటర్లు నడిస్తే బోర్లు ఎండుతాయని ఊరూరా చెప్పారు. నాయిన తన చేతులతోనే తీసేశాడు. "నేను తీసి పారేసినదాన్ని నువ్వు పైసలు పెట్టి ఇంట్లకు తెచ్చినవు" అని ఇప్పుడు రోజూ ఒకసారి అంటాడు.

నేను చేసి చూసినవి:

రాత్రి గోడ స్విచ్ ఆపి పడుకున్నాం. బల్బు వెలగలేదు, నిజమే. కానీ చెల్లె రాత్రి మూడు నాలుగు సార్లు లేచి పాలిస్తది. అప్పుడు ఫోన్లో ఐదు శాతం వెలుగు పెట్టుకుంటది, పసుపు రంగులో. ఆ సుఖం కోసమే కదా ఈ బల్బు కొన్నది. స్విచ్ ఆపితే అది లేదు.

అరగంటకోసారి దానంతటదే ఆరిపోయేట్టు యాప్‌లో టైమర్లు పెట్టాను. మూడు గంటలకు చెల్లె పాలిస్తుంటే టక్కున చీకటి. పొద్దున నాతో మాట్లాడలేదు.

మూడోది నేను చేసింది కాదు, గాలి దుమారం చేసింది. ఒక సాయంత్రం కరెంటు నిమిషంలో నాలుగైదు సార్లు పోయి వచ్చింది. ఆ తర్వాత హాల్లో బల్బు టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది, ఆగదు. యాప్‌లో చూస్తే ఆఫ్‌లైన్. తీసేసి మళ్లీ కొత్తగా జత చేస్తే గానీ దారికి రాలేదు. ఈ హాలు బల్బు ఇన్వర్టర్ లైన్ మీదే ఉంది, అయినా అప్పుడప్పుడు ఇట్లనే చేస్తది.

ముందు ఎట్లుందో అట్లనే తిరిగి వచ్చేటట్టు చేసే ఉపాయం ఉందా? లేకపోతే వీటిని తీసి అటక మీద పెట్టుడేనా?


కోదాడ కుర్రోడు:

వంద రూపాయలకు మామూలు ఎల్‌ఈడీ బల్బు వస్తుంది బ్రదర్. స్విచ్ కిందికి నొక్కితే వెలుగుతుంది, పైకి నొక్కితే ఆరుతుంది. కరెంటు వందసార్లు పోయి వచ్చినా స్విచ్ ఎట్లా ఉంటే బల్బు అట్లానే. మా తాత కాలం నుంచీ ఇదే టెక్నాలజీ, ఒక్క అప్‌డేట్ కూడా రాలేదు.


మిల్లు గుమాస్తా:

అన్నా, ఐదు శాతం వెలుగు నీ వంద రూపాయల బల్బులో రాదు. చెల్లెకు నువ్వే చెప్పు.


పాలమూరు వైర్‌మన్:

తమ్మీ, అటక మీద పెట్టకు. ముందు యాప్‌ల చూడు. మన దగ్గర అమ్మే చవక వైఫై బల్బులల్ల చానా వరకు లోపల టుయా అనే కంపెనీ సాఫ్ట్‌వేరే ఉంటది. డబ్బా మీద పేరు ఏదైనా గానీ యాప్ తెరిస్తే మెనూలు ఇంచుమించు ఒక్కతీరే ఉంటయి. బల్బు పేజీల అడుగున గానీ, కుడి పక్క పైన పెన్సిల్ బొమ్మ కాడ గానీ సెట్టింగ్స్ ఉంటయి. రెండు చూడాలె.

ఒకటి "పవర్ ఆఫ్ మెమరీ". దాంట్ల డిఫాల్ట్, రిస్టోర్ మెమరీ, కస్టమైజ్ అని ఉంటయి. చానామంది రిస్టోర్ మెమరీ పెట్టుకుని అయిపోయిందనుకుంటరు. కాదు. చానా బల్బులల్ల అది గుర్తుపెట్టుకునేది రంగు, వెలుగు ఎంతుండె అనేదే. బల్బు మాత్రం వెలుగుతది. ఐదు శాతం మీద ఉంటే ఐదు శాతంతోటి వెలుగుతది, అంతే తేడా. అది గూడ మీ పిల్లగానికి మేలే అనుకో.

రెండోది "డు నాట్ డిస్టర్బ్". నీకు కావాల్సింది ఇది. ఇది ఆన్ చేస్తే కరెంటు వచ్చినా బల్బు ఆరిపోయే ఉంటది. గోడ స్విచ్‌తోటి వెలిగించాల్నంటే ఎంబడెంబడే రెండుసార్లు వేయాలె, ఆన్, ఆఫ్, ఆన్. ఒక్కసారి వేస్తే కరెంటు వచ్చిందేమో అనుకుని పలుకది.

ఆ ఆప్షన్ కనబడకపోతే ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్, అంటే బల్బు లోపలి ప్రోగ్రాం కొత్తది, ఉందేమో చూడు. అప్పటికీ లేకపోతే ఆ బల్బుకు లేనట్టే.


వనపర్తి టీచరమ్మ:

వైర్‌మన్ గారు చెప్పింది సరైన దారి. ఇది ఎందుకిట్లా చేస్తుందో కూడా తెలిస్తే ఏ గదిలో ఏది పెట్టుకోవాలో మీకే అర్థమవుతుంది. నేను ఫిజిక్స్ చెప్తాను, అలవాటు కొద్దీ కొంచెం పొడుగు రాస్తాను, ఏమనుకోకండి.

బల్బు వైపు నుంచి చూడండి. దానికి తెలిసేది ఒక్కటే. ఇప్పటిదాకా 230 వోల్టులు లేవు, ఇప్పుడున్నాయి. అవి సబ్‌స్టేషన్ నుంచి తిరిగి వచ్చాయా, మీ నాన్నగారు లేచి గోడ మీద స్విచ్ వేస్తే వచ్చాయా, రెండింటికీ దాని దగ్గర తేడా లేదు. అందుకే తయారు చేసేవాళ్లు జాగ్రత్త వైపు మొగ్గారు. ఇంటికొచ్చిన చుట్టం దగ్గర మీ యాప్ ఉండదు. ఆయన చీకట్లో మెట్ల దగ్గర స్విచ్ వేస్తే లైటు రావాలి. రాకపోతే కింద పడతాడు. కాబట్టి కరెంటు తగలగానే పూర్తిగా వెలగడమే మామూలు పద్ధతి అయింది. ఫిలిప్స్ వాళ్ల హ్యూ స్మార్ట్ బల్బుల్లో కూడా మొదట్లో ఇంతే. కరెంటు వచ్చాక ఎట్లా ఉండాలో ఎంచుకునే వీలు 2018 చివర్లో గానీ రాలేదు.

"ముందు ఎట్లుంటే అట్లే" అన్నది అందరికీ నచ్చే మాట. దాంట్లో ఒక చిక్కుంది. రాత్రి ఫోన్లో ఆపారు. పొద్దున ఎవరో అలవాటుగా గోడ స్విచ్ ఆపి మళ్లీ వేశారు. బల్బుకు గుర్తున్నది "ఆరిపోయి ఉన్నాను" అని. వెలగదు. వాళ్లేమో బల్బు మాడిపోయిందనుకుంటారు. మా అత్తమ్మ ఇట్లా బాగున్న బల్బునొకదాన్ని తీసి చెత్తబుట్టలో వేసింది.

రెండుసార్లు నొక్కే పద్ధతి ఈ రెండింటికీ మధ్య రాజీ. మామూలుగా పోయే కరెంటు సెకనులో పోయి వచ్చి పోయి రాదు, మనిషి చెయ్యే అట్లా చేస్తుంది అన్నది దాని లెక్క. మన గాలి దుమారం ఆ లెక్క తప్పిస్తుంది. మీ హాలు బల్బు టపటపా కొట్టుకోవడానికి కారణం కూడా ఇదే జాతి. వరసగా మూడుసార్లో ఐదుసార్లో స్విచ్ వేసి ఆపితే జత చేసుకునే మోడ్‌లోకి వెళ్లేట్టు వాటిని తయారు చేస్తారు. పోల్ మీద వైర్లు ఊగుతూ కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చేసరికి మీరే స్విచ్ కొడుతున్నారనుకుంది పాపం.

పరీక్ష చేసేటప్పుడు ఒక జాగ్రత్త. యాప్‌లో మార్చగానే స్విచ్ ఆపెయ్యకండి. కొన్ని బల్బులు కొత్త స్థితిని లోపలి మెమరీలో రాసుకోవడానికి కొన్ని సెకన్లు తీసుకుంటాయి. పది దాకా లెక్కపెట్టి, బోర్డులో ఆ లైన్‌కున్న బ్రేకర్ స్విచ్ (ఎంసీబీ) కిందికి దించి, ఒక నిమిషం ఆగి పైకి లేపండి. వెంటనే లేపితే లోపలి కెపాసిటర్‌లో ఇంకా కాస్త ఛార్జ్ మిగిలి ఉండి, మీరు చూసేది నిజమైన పవర్ కట్ కాకపోవచ్చు.


నల్లగొండ సర్వర్ పిచ్చోడు:

నేను ఇదే సమస్యను గొప్పగా పరిష్కరిద్దామని పోయి పరువు తీసుకున్న మనిషిని. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, ఇంట్లోని స్మార్ట్ పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. ఏ బల్బైనా "అందుబాటులో లేదు" నుంచి "ఆన్" అని మారిందంటే, అంతకుముందు ఆఫ్‌లో ఉండి ఉంటే, ఆపెయ్ అని ఆటోమేషన్ రాశాను. పగలు బల్బుకు ఒక్కదానికే స్విచ్ ఆపి వేసి చూస్తే అద్భుతంగా పనిచేసింది.

రాత్రి నిజంగా కరెంటు పోయి వచ్చినప్పుడు ఫైబర్ డబ్బా లేవాలి, రౌటర్ లేవాలి, ఆ చిన్న కంప్యూటర్ లేవాలి, అప్పుడు హోమ్ అసిస్టెంట్ తెరుచుకోవాలి. బల్బు అర సెకనులో వెలిగింది. నా సర్వర్ దాన్ని మూడు నిమిషాల తర్వాత ఆపింది. అప్పటికి మా ఆవిడ స్విచ్ దగ్గరే నిలబడి ఉంది.

ఆ రోజు తెలిసింది, ఈ బుద్ధి బల్బులోనే ఉండాలి, బయటెక్కడ పెట్టినా ఆలస్యమే. తర్వాత జిగ్‌బీ బల్బులకు మారాను, వైఫై కాకుండా వేరే వైర్‌లెస్ ప్రమాణం అది. ఆ ప్రమాణంలో "స్టార్టప్ ఆన్ ఆఫ్" అని ఒక విలువ ఉంటుంది. 0 పెడితే ఆఫ్, 1 పెడితే ఆన్, 2 పెడితే ముందున్నదానికి ఉల్టా, 255 పెడితే ముందున్నట్టే. ఈ బల్బులను సర్వర్‌కు కలిపే జిగ్‌బీ2ఎంక్యూటీటీ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు "పవర్ ఆన్ బిహేవియర్" అని మామూలు మాటల్లోనే కనిపిస్తుంది. ఒక్కసారి బల్బుకు పంపితే అది తనలోనే దాచుకుంటుంది, సర్వర్ చచ్చినా పర్వాలేదు. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేయడానికి వచ్చిన మ్యాటర్ అనే ప్రమాణంలోనూ ఇదే పేరుతో ఉంది. కొనే ముందు ఈ సెట్టింగ్ ఉందో లేదో చూసుకోండి. ప్రమాణంలో ఉందంటే ప్రతి చవక బల్బులో పెట్టారని కాదు.

బల్బులో కంపెనీ ప్రోగ్రాం తీసేసి టాస్మోటా అనే ఉచిత ప్రోగ్రాం ఎక్కించుకున్న మనలాంటోళ్లకు: పవర్‌ఆన్‌స్టేట్ 3 పెడితే ముందున్నట్టే వస్తుంది, 0 పెడితే ఆరిపోయే ఉంటుంది. గాలి దుమారానికి రీసెట్ కాకుండా సెట్ఆప్షన్65ని 1 చెయ్యండి. మీకు ఇవి అక్కర్లేదు గుమాస్తా గారూ, ఊరికే రాశాను.


మిల్లు గుమాస్తా:

నిన్న ఆదివారం మిల్లు లేదు కాబట్టి పొద్దుటి నుంచి ఇదే పని.

వైర్‌మన్ అన్న చెప్పిన డు నాట్ డిస్టర్బ్ మూడు బల్బుల్లో దొరికింది, అప్‌డేట్ చేశాక. అప్పటిదాకా ఆ మెనూయే లేదు. వరండాలో వేరే కంపెనీ బల్బుకు మాత్రం ఏమీ లేదు. అది రాత్రంతా వెలగాల్సిందే కాబట్టి కరెంటు రాగానే వెలిగినా నష్టం లేదు. పొద్దున ఆరింటికి ఆరిపోయేట్టు టైమర్ ఉంచాను.

టీచరమ్మ చెప్పినట్టు పది లెక్కపెట్టి, ఎంసీబీ దించి, నిమిషం ఆగి లేపాను. బెడ్‌రూం బల్బు మౌనంగా ఉంది. చెల్లె తలుపు సందులోంచి చూసి బొటనవేలు చూపించింది.

అసలు కథ నాయినతో. ఆయన నాలుగింటికే లేస్తాడు. హాలు స్విచ్‌ను ఆపి వేస్తే బల్బు వెలగలేదు. కాసేపు చూశాడు. "పోయిందిరా నీ బల్బు" అని టార్చి తెచ్చుకున్నాడు. టక్ టక్ అని ఎంబడెంబడే రెండుసార్లు వెయ్యాలని చూపిస్తే, ఆయన వేసి, ఆగి, బల్బు దిక్కు చూసి, మళ్లీ వేస్తున్నాడు. మధ్యలో ఆ చూపు చాలు, బల్బు లెక్క తప్పడానికి. ఆఖరికి స్విచ్ మీద తెల్ల టేపు ముక్క అంటించి, మార్కర్‌తో రెండు చుక్కలు పక్కపక్కనే పెట్టాను. పైకి చూడకుండా టేపు మీద రెండు చుక్కలనే చూస్తూ నొక్కమన్నాను. వచ్చింది. "మోటరు హ్యాండిల్ గూడ ఇట్లనే, ఆగితే పట్టుకోదు" అన్నాడు, అప్పుడు ఆయనకు నచ్చింది.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "నా వంటింట్ల స్విచ్ వేస్తే లైటు రావాలె. రెండుసార్లు వేసుడు గిసుడు నాతోని గాదు." వంటింటి స్మార్ట్ బల్బు తీసి మామూలు ఎల్‌ఈడీ పెట్టాను. కోదాడ అన్నా, నువ్వు గెలిచావు, ఒక్క గదిలో.

ఇంకా మిగిలింది హాలు బల్బు. ఇన్వర్టర్ మీద ఉండి కూడా ఎందుకు కొట్టుకుంటోంది?


పాలమూరు వైర్‌మన్:

ఇన్వర్టర్ ముందో వెనకనో ఒక చిన్న స్విచ్ చూడు తమ్మీ. యూపీఎస్ అని ఒక దిక్కు, నార్మల్ అని గానీ ఈకో అని గానీ ఇంకో దిక్కు ఉంటది. నార్మల్‌ల కరెంటు నుంచి బ్యాటరీ మీదికి మారేటప్పుడు సందు పెద్దగ పడుతది. ఫ్యాన్‌కు తెలవది గానీ బల్బుల ఉన్న చిన్న కంప్యూటర్‌కు తెలుస్తది, అది మళ్లీ మొదటి నుంచి లేస్తది. యూపీఎస్ దిక్కు పెడితే కన్ను మూసి తెరిచే లోపల మారుతది, బల్బు గుర్తుపట్టది. లోటు గూడ చెప్తా. యూపీఎస్ మోడ్‌ల వోల్టేజ్ ఇంచుమించు 180 కింద పడ్డదంటే బ్యాటరీ మీదికి దుంకుతది. మీ గల్లీల ఎండకాలం వోల్టేజ్ తక్కువ ఉంటే బ్యాటరీ ఊకె వాడబడుతది. చూసుకుని పెట్టు.

ఇంకొకటి, ఇన్వర్టర్ లేని లైన్లకు. బోర్డుల పెట్టుకునే వోల్టేజ్ ప్రొటెక్టర్ దొరుకుతది, కరెంటు వచ్చినంక ఎన్ని సెకండ్లు ఆగి లైన్ ఇయ్యాల్నో సెట్ చేసుకునేది. ముప్పై సెకండ్లు పెట్టు. గాలికి కరెంటు ఎన్నిసార్లు ఎగిరినా బల్బులకు చివర్ల ఒక్కసారే తెలుస్తది. ఫ్రిజ్ స్టెబిలైజర్ ఆగి ఆగి ఆన్ అయితది సూడు, గదే పద్ధతి. రౌటర్‌కు ఒక మినీ యూపీఎస్ పెట్టుకుంటే కరెంటు రాకముందుకే వైఫై నడుస్తుంటది, బల్బు లేవంగనే దొరుకుతది.

అమ్మకు గూడ ఉపాయం ఉంది. బల్బు స్మార్ట్‌ది కాకుండ స్విచ్ వెనక స్మార్ట్ రిలే అనే చిన్న డబ్బా పెట్టుకోవాలె. మనకాడ చానా బోర్డులల్ల ఒక ప్లగ్ సాకెట్ ఉంటది కాబట్టి రిలేకు కావాల్సిన న్యూట్రల్ వైరు అక్కడికే వచ్చి ఉంటది. వేరేగ లాగే పని లేదు. స్విచ్ ఒక్కసారి వేస్తే చాలు, ఫోన్‌ల గూడ అయితది. వెలుగు తగ్గిచ్చుడు మాత్రం రాదు. నువ్వు చేయకు, ఎలక్ట్రీషియన్‌ను పిలువు.


మిల్లు గుమాస్తా:

యూపీఎస్ స్విచ్ ఉంది అన్నా, వెనక దుమ్ము కింద. నార్మల్‌లో ఉండె. మార్చాను. ప్రొటెక్టర్‌ను ఎలక్ట్రీషియన్‌తో బోర్డులో పెట్టించాను, ముప్పై సెకన్లకు.

నిన్న రాత్రి గాలొచ్చి మళ్లీ పోయింది, ఒంటిగంట నలభైకి. నేను మేలుకునే ఉన్నా, నిజం చెప్పాలంటే దానికోసమే. మూడుసార్లు వచ్చి పోయింది, వీధి దీపం వెలిగినట్టు వెలిగి ఆరింది. రెండు గంటల ఐదుకు నిలబడింది. వీధి దీపం ముందు వెలిగింది. తర్వాత ప్రొటెక్టర్ టిక్కుమంది, వరండా లైటు వచ్చింది. బెడ్‌రూం కిటికీ చీకటిగానే ఉంది. బుడ్డోడి అలికిడి లేదు.

లేచింది నాయిన ఒక్కడే. అందరి ఇళ్లల్లో లైట్లొచ్చినా మన వరండాలో ముప్పై సెకన్లు రాలేదని ఫ్యూజు చూడటానికి బోర్డు దగ్గరికి పోయాడు.